ఈ మాఘంలో మందు కొట్టలేదు

మాఘమాసం వచ్చిందంటే మా ఇంట్లో మందు గురించి గొడవ మొదలవుతుంది. మావారి మందు కాదండీ, మామిడిచెట్టు మందు.

రాజమహేంద్రవరంలో మాది పాత పెంకుటిల్లు. వెనకాల నాలుగు సెంట్ల పెరడు. ఒక మామిడి, ఒక నిమ్మ, కరివేపాకు, మందారాలు, సన్నజాజి పందిరి, మిగిలిన చోటంతా కూరమడులు. మామిడి కొత్తపల్లి కొబ్బరి. మా మామయ్యగారు నాటింది. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఇద్దరు ఆడపడుచుల ఇళ్లకీ ఏటా ఆ చెట్టు ఆవకాయే వెళ్లాలి. బజారు కాయతో పెట్టిన ఆవకాయని అత్తయ్యగారు ఆవకాయ అనరు, "కారం ముక్కలు" అంటారు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, గోదావరి ఒడ్డున రథసప్తమికే ఎండ చురుక్కుమంటుంది. పెరట్లో చేతినిండా పని ఉండేది అప్పుడే. బెండ గింజలు రాత్రంతా నానబెట్టి పొద్దున్నే పాతాను. బీర, దోస పాదులు పెట్టాను. మల్లెకి పుష్యమాసంలోనే నీళ్లు ఆపేసి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించేశాను. ఇప్పుడు పశువుల ఎరువు వేసి నీళ్లు పెడితే ఎండలు ముదిరేసరికి మొగ్గ తొడుగుతుంది. నిమ్మచెట్టు జోలికి మాత్రం వెళ్లలేదు. లేత ఆకుల మీద పిట్టరెట్టల్లాంటి మచ్చలు కనిపిస్తే అవి రెట్టలు కావు, సీతాకోకచిలుక పిల్లలు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. వేలితో ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికి పెట్టి ఘాటైన వాసన వదులుతాయి. ఎదిగిన నిమ్మచెట్టుకి నాలుగాకులు పోయినా లెక్కలేదు.

పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చోవడం నాకు అలవాటు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' అని జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశంలోనూ చేస్తున్నారు. కనీసం పావుగంట ఒకచోట కూర్చుని, కనబడిన పిట్టల్ని లెక్కపెట్టి ఫోన్లో ఎక్కించడమే. దానివల్లే నాకు పిట్టల్ని పేరుపేరునా చూడటం వచ్చింది. పిగిలిపిట్టలు, గోరింకలు, ఎక్కడో దాక్కుని టుక్ టుక్ టుక్ అని రాగిబిందె మీద సుత్తి వేసినట్టు కొట్టే కంసాలిపిట్ట... పావుగంటలో పదకొండు రకాలు రాసుకున్న రోజుంది.

అన్నిటిలోకీ నాకు ముద్దు తేనెపిట్ట. బొటనవేలంత ఉంటుందేమో. చలికాలంలో మగదీ ఆడదాన్లాగే వెలిసిపోయిన పసుపు రంగులో ఉంటుంది, గొంతు కింద నల్లటి గీత ఒకటి తేడా. మాఘం వచ్చేసరికి ఆ పాత చొక్కా విప్పేసి నల్లగా, ఎండ తగిలితే ఊదారంగులో మెరిసిపోతూ తయారవుతుంది. పౌరుషం కూడా అప్పుడే వస్తుంది. మావారి స్కూటర్ అద్దంలో తన బొమ్మనే చూసి శత్రువనుకుని పొడుస్తుంటే, అద్దాలకి పాత సాక్సులు తొడిగాం.

గూడు కట్టేది మాత్రం ఆడదే. ఈసారి సన్నజాజి పందిరి చివర వేలాడే ఎండుతీగ ఎంచుకుంది. మామిడి కొమ్మకి బారెడు దూరం కూడా లేదు. వారం పైనే పట్టింది. వసారా మూలల్లో సాలెగూళ్లు దులపడం మానేశాను, ఎందుకంటే ఆ దారాలే దాని జిగురు. గడ్డిపోచలు, బెరడు ముక్కలు, కాగితం పీలికలు తెచ్చి సాలెదారంతో అతికించి చిన్న సంచీలా వేలాడగట్టింది. పక్కన గుమ్మం, గుమ్మం మీద చూరు. మన పంచాయతీ ప్లాన్లలో కూడా అంత చక్కటి సన్‌షేడ్ ఉండదు.

సరిగ్గా అదే వారంలో మామిడి నిండా పూత విచ్చుకుంది. కింద నిలబడితే ఆకుల మీద నుంచి సన్నటి తుంపర. తేనెమంచు పురుగు. పూతలో రసం పీల్చి జిగట వదులుతుంది, దాని మీద నల్లటి మసి పడుతుంది.

"పూత మాడిపోతోందమ్మాయ్. ఆ కుర్రాణ్ణి పిలు, మందు కొట్టించు" అన్నారు అత్తయ్యగారు.

నేను మాట్లాడలేదు. మూడేళ్ల కిందట ఇలాగే పూత విచ్చుకున్న రోజుల్లో మందుల కొట్టువాడు ఇచ్చిన సీసా తెచ్చి, మనిషిని పెట్టి చెట్టంతా తడిపించాను. అప్పుడు మందారానికి గూడుంది, అందులో పిల్లలున్నాయి. తేనెపిట్ట పేరుకే తేనెపిట్ట, పిల్లలకి పెట్టేది పురుగులు, సాలీళ్లు. మర్నాడంతా తల్లి అదే చెట్టు మీద నుంచి ఏరుకొచ్చి నోట్లో పెడుతూనే ఉంది. మూడోనాటికి గూట్లో చప్పుడు లేదు. మందు వల్లేనని తేల్చి చెప్పడానికి నా దగ్గర రుజువేమీ లేదు. కానీ ఆ వారం పెరట్లో ఈగ కూడా వాలలేదు. అత్తయ్యగారికి అప్పుడు చెప్పలేదు, రెండు పిల్లల్నీ మందారం మొదట్లోనే పాతిపెట్టాను.

ఈసారి చెప్పేశాను. ఆవిడ కాసేపు పందిరికేసి చూసి, "మరి చెట్టో?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆవకాయ ఆవిడకి పచ్చడి కాదని నాకు తెలియదా?

నాకు తెలిసింది చెప్పాను. మామిడి పూతని పిందె చేసేది ఎక్కువగా ఈగలు, చిన్న తేనెటీగలు. పూర్తిగా విచ్చుకున్న పూత మీద మందు కొడితే ముందు పోయేది అవే. వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా నిండు పూతలో కొట్టొద్దనే అంటారు. మూడేళ్ల కిందట మందు కొట్టిన ఏడు కాయ విరగకాసిందా అంటే అదీ లేదు, ఆవిడ మాత్రం ఈదురుగాలి మీద తోసేశారు. గుత్తికి వందలకొద్దీ పూలు పూసినా చివరికి నిలిచేవి ఒకటో రెండో కాయలు. అసలు తప్పు నాది. కాయలు దిగాక లోపలి కొమ్మలు తీయించాలి, రెండేళ్లుగా బద్ధకించాను. గాలీ వెలుతురూ దూరని గుబురంటేనే ఈ పురుగుకి ఇష్టం. వేపనూనె కొట్టాలన్నా పూత విచ్చకముందే కొట్టుకోవాలి, ఆ సమయమూ దాటిపోయింది.

"అయితే ఏమీ చెయ్యవన్నమాట" అన్నారు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ తర్వాత ఆడపిట్ట గూట్లో పొదగడం మొదలుపెట్టింది. గుమ్మంలోంచి వంకర ముక్కొకటి కనిపించేది, అంతే. రెండు వారాలయ్యాక ఇద్దరూ పురుగులు మోయడం మొదలెట్టారు. మగదీ చెయ్యి వేసింది. ఒక పొద్దున్న లెక్కపెట్టాను, పావుగంటలో తొమ్మిది సార్లు. సగం సార్లు వచ్చింది మామిడిచెట్టు మీద నుంచే.

అప్పుడే జెముడుకాకి పందిరి మీద వాలింది. గూళ్లలో పిల్లల్ని లాక్కుపోయే రకం. అత్తయ్యగారి లెక్కలో జెముడుకాకి కనిపిస్తే మంచి శకునం, కూతుళ్ల పెళ్లిచూపులకి దాని దారి చూసి మరీ బయల్దేరిన మనిషి. అలాంటిది నేను లోపలినుంచి పరుగెత్తుకొచ్చేసరికి, ఆవిడ చేతికర్ర పైకెత్తి "ఛీ! ఫో! పసివాళ్లున్నారిక్కడ" అని అరుస్తున్నారు. మోకాళ్ల నొప్పితో ఆ మూడు మెట్లూ ఎలా దిగారో నాకిప్పటికీ తెలియదు. అప్పట్నుంచి ఆవిడ మడతకుర్చీ పందిరి కిందికి మారింది. ఆ కుర్చీలోనే చిక్కుడుకాయలు వలవడం, ఆ కుర్చీలోనే కునుకు.

ఫాల్గుణం సగంలో ఒకనాటి పొద్దున్న ఒక పిల్ల దండెం మీదకి ఎగిరింది. తోకైనా సరిగ్గా రాలేదు. రెండోది మధ్యాహ్నం దాకా గుమ్మంలోంచి తల బయటపెట్టి అరుస్తూనే ఉంది. అది ఎగిరేదాకా అత్తయ్యగారు అన్నానికి లేవలేదు.

పూత సగానికి పైగా రాలిపోయింది. కింది కొమ్మలకి మసి పట్టింది. పైకొమ్మలకి మాత్రం పిందెలు నిలిచాయి, గోలీకాయలంత ఉన్నాయి. నిన్న సాయంత్రం నేనూ ఆవిడా చెట్టు కింద నిలబడి లెక్కపెట్టాం. నాకు నూట నలభై వచ్చాయి, ఆవిడకి తొంభై. ఇద్దరు ఆడపడుచులకీ సరిపోయే లెక్క కాదు.

"కాయలు దిగాక కొమ్మలు తీయించు, మర్చిపోకు" అన్నారు. నేను తలూపాను. ఇవాళ పొద్దున్న పక్కింటావిడ ప్రహరీ మీద నుంచి చెప్పింది. అత్తయ్యగారు ఆవిడ చెట్టుకి యాభై కాయలు అప్పుడే బేరమాడి పెట్టుకున్నారట. నాకు చెప్పొద్దన్నారట కూడా.