పాత కత్తి ఎవరి చేతికి చేరుతోంది?

వంటింట్లో ఉన్నన్నాళ్లూ కత్తి విషయంలో అందరం జాగ్రత్తగానే ఉంటాం. పిల్లలకు అందకుండా పైఅరలో పెడతాం, పని కాగానే కత్తిపీటను గోడవారగా జరుపుతాం, దసరాకు బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునే ఇళ్లూ ఉన్నాయి. పిడి ఊడిన రోజున మాత్రం అదే కత్తి కూరగాయల తొక్కలతో కలిసి చెత్త కవరులోకి జారిపోతుంది. మన ఊళ్లలో చెత్త చాలావరకు చేతుల మీదుగానే సాగుతుంది. ఇంటి ముందు కవరు అందుకుని ఆటోలో గుమ్మరించేది ఒక చెయ్యి, అందులోంచి ప్లాస్టిక్ సీసాలు ఏరేది ఇంకో చెయ్యి, డంపింగ్ యార్డులో కవరు చింపి వెతికేది మరో చెయ్యి. అడుగున కత్తి ఉన్న సంగతి వాళ్లెవరికీ తెలియదు. తెలిసింది పారేసినవాళ్లకే. కాబట్టి అంచును కప్పాల్సిన బాధ్యతా వాళ్లదే.

కార్మికులకు గ్లవ్స్ ఇస్తున్నారు కదా అని కొందరంటారు. ఇవ్వాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు స్పష్టంగానే చెప్పాయి. గుడ్డ గ్లవ్సు, పల్చటి రబ్బరు గ్లవ్సు మురికిని ఆపుతాయి గానీ కత్తి మొనను ఆపలేవు. సొంతంగా చెత్త ఏరుకుని బతికేవాళ్లలో చాలామందికి అవీ ఉండవు. ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి దాన్ని తెచ్చే బాక్టీరియా మట్టిలో, పేడలో ఉంటుంది. గాలి సోకని లోతైన గాయం దానికి అనుకూలం. చెత్తలో మునిగిన కత్తి మొన చేసేది సరిగ్గా అలాంటి గాయమే. వాడిన డైపర్లను, శానిటరీ ప్యాడ్లను భద్రంగా చుట్టి ఇవ్వాలని ఆ నిబంధనలే ఇంటివాళ్లకు చెప్పాయి. వాటినే చుట్టాల్సినప్పుడు కత్తిని చుట్టకుండా వదిలేయడం ఎలా న్యాయమవుతుంది?

అసలు మనం పారేసే కత్తుల్లో చాలావాటికి పోయింది పదునే. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు సులువుగా పట్టదు గానీ, దాని అంచు కూడా వాడకంలో వంగి మొద్దుబారుతుంది. సాన పట్టిస్తే మళ్లీ తెగుతుంది. సాన పట్టేవాళ్లు వీధిలోకి రావడం తగ్గిందన్న మాట నిజమే. అయితే పింగాణీ కప్పు బోర్లిస్తే అడుగున నునుపు లేని గరుకు వలయం కనిపిస్తుంది. దాని మీద అంచును ఏటవాలుగా ఆనించి, రెండు వైపులా సమానంగా నాలుగైదుసార్లు లాగితే టమాటా తరగడానికి సరిపడే పదును వస్తుంది. పాత ఇనుప కత్తిపీటైతే కొలిమి ఉన్న కమ్మరి చేతిలో మరికొన్నేళ్లు బతుకుతుంది. మరీ మొండిదైన చాకు మిద్దె తోటలో కుండీ మట్టి గుల్ల చేయడానికి పనికొస్తుంది. ఒకసారి మట్టిలో పెట్టినదాన్ని మళ్లీ వంటింట్లోకి తేకండి.

బ్లేడు విరిగిన కత్తి, బాగుచేయలేనంతగా పిడి విరిగిన కత్తి పాత ఇనుము దుకాణానికే వెళ్లాలి. ఒక్క చాకుకు ఏం వస్తుందిలే అంటే, నిజమే, డబ్బుగా చూస్తే వచ్చేదేమీ ఉండదు. కానీ ఉక్కును ఎన్నిసార్లైనా కరిగించి వాడుకోవచ్చు. ఒక టన్ను ఉక్కు తుక్కు కరిగిస్తే సుమారు 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 740 కిలోల బొగ్గు మిగులుతాయని ఉక్కు పరిశ్రమ లెక్క. యార్డులో పూడిపోయిన కత్తి వల్ల ఆ లాభం లేదు, గాయపడే ముప్పు మాత్రం ఉంది. చుట్టిన కత్తిని ఒక పాత డబ్బాలో వేసి ఉంచితే, ఇంట్లో ఇనుప సామాను తీసేసే రోజున దాంతోపాటు ఇచ్చేయవచ్చు.

చుట్టడానికి న్యూస్ పేపరు చాలదు. తడి తగలగానే అది నానిపోయి అంచు బయటికొస్తుంది. అట్టపెట్టె ముక్కను బ్లేడు కంటే నాలుగు వేళ్లు పొడవుగా కత్తిరించి, రెండు పొరలుగా చుట్టి, మిగిలిన కొసను మొన మీదికి మడిచి, చుట్టూ గట్టిగా టేపు వేయాలి. పైన పెద్ద అక్షరాలతో ‘కత్తి’ అని రాయాలి. దుకాణానికి తీసుకెళ్లే వీలు లేకపోతే పొడి చెత్తతో, కానీ విడిగా, చెత్త తీసుకెళ్లేవాళ్ల చేతికే ఇవ్వండి. చదవడం రానివాళ్లు ఉండవచ్చు కాబట్టి, ఇచ్చేటప్పుడు ‘ఇందులో కత్తి ఉందన్నా, జాగ్రత్త’ అని నోటితో కూడా చెప్పండి.