రొమ్ము తీసేశాక ఇంప్లాంటా, వద్దా? ఆపరేషన్‌కు ముందే చెప్పాల్సిన సంగతులు

రొమ్ము కాన్సర్ వచ్చిన దళిత స్త్రీకి ప్రాణం దక్కితే చాలు, మిగతాదంతా డబ్బున్నవాళ్ల ముచ్చట అనే మాట ఆసుపత్రుల్లోనే కాదు, మన సంఘాల మీటింగుల్లోనూ వినిపిస్తుంది. మేం దాన్ని ఒప్పుకోం. రొమ్మును తిరిగి నిర్మించుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఇష్టం తేలాలంటే ముందు ఆమెకు సంగతి తెలియాలి.

ఇది ఎవరి దయా కాదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. రోగి మత్తులో ఉండగా తల్లిని అడిగి గర్భసంచి తీసేసిన కేసు అది. నిర్ణయం తీసుకోగల మేజరు తరపున, ప్రాణం మీదికి రానప్పుడు, ఇంకొకరి ఒప్పుకోలు చెల్లదని కోర్టు చెప్పింది. చికిత్స ఏమిటో, వేరే దారులేమిటో, ప్రమాదాలేమిటో రోగికే వివరించాలంది. మన వార్డుల్లో భర్తతోనో అన్నతోనో మాట్లాడేసి, ఆమెతో వేలిముద్ర మాత్రం వేయించుకోవడం కొత్తేమీ కాదు.

అసలు మొదటి ప్రశ్న ఇంప్లాంట్ గురించి కాదు. రొమ్ము మొత్తం తీయాలా? తొలి దశలో గడ్డవరకే తీసి రేడియేషన్ ఇచ్చినా బతికే అవకాశం తగ్గదని 2002లో వెలువడిన ఇరవయ్యేళ్ల పరిశీలనలు చూపాయి. కానీ రేడియేషన్‌కు వారాల తరబడి దాదాపు రోజూ వెళ్లాలి. ఎక్కడో ఆసిఫాబాద్ నుంచి హైదరాబాద్ వచ్చే కూలి మనిషి గది అద్దె, పోయిన కూలి లెక్కేసుకుంటే రొమ్ము తీయించుకోవడమే చవకగా కనిపిస్తుంది. దాన్ని ఎంపిక అనలేం.

ఇక ఇంప్లాంట్. పైతొడుగు సిలికాన్‌దే, లోపల సిలికాన్ జెల్ గానీ ఉప్పునీరు గానీ ఉంటుంది. జెల్‌ది మెత్తగా, సహజంగా అనిపిస్తుంది. అయితే అది లోపల చిట్లినా చాలాసార్లు బయటికి తెలియదు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఐదారేళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఎంఆర్ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించుకోమంటుంది. ఉప్పునీటిది కారితే రొమ్ము చప్పబడిపోతుంది, స్కానింగ్ లేకుండానే కనబడుతుంది. స్కానింగ్‌కు డబ్బు లేని మనిషికి ఈ తేడా చిన్నది కాదు. ఏదైనా జీవితాంతం ఉండదు, మళ్లీ ఆపరేషన్ పడొచ్చు. రేడియేషన్ తీసుకున్నవారిలో ఇంప్లాంట్ చుట్టూ శరీరం కట్టే పొర బిగుసుకుని రొమ్ము గట్టిపడటం, నొప్పి రావడం ఎక్కువ.

పైతొడుగు నునుపా, గరుకా అని కూడా అడగాలి. గరుకు రకాలతో ముడిపడిన ఒక అరుదైన లింఫోమా కారణంగా అలెర్గాన్ కంపెనీ 2019 జూలైలో తన బయోసెల్ ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అంతకుముందు ఫ్రాన్స్‌లో పిఐపి అనే కంపెనీ పరిశ్రమల్లో వాడే సిలికాన్ నింపి అమ్మిన మోసం 2010లో బయటపడింది. కాబట్టి కంపెనీ, రకం, నంబరు ఉన్న స్టిక్కరు డిశ్చార్జి కాగితాలతో పాటు చేతికి రావాలి. అది లేకపోతే, రేపు కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆమెకు తెలియదు.

ఇంప్లాంట్ లేకుండా సొంత కండతో, కొవ్వుతో కూడా రొమ్ము చేస్తారు. వీపు కండ తీస్తే భుజం బలం, పొట్ట కండ తీస్తే పొట్ట గోడ బలం తగ్గొచ్చు. వరినాట్లు వేసే, తట్ట మోసే, వీధులు ఊడ్చే మనిషికి ఇది అందం ప్రశ్న కాదు, రేపటి కూలి ప్రశ్న. "నువ్వు ఏం పని చేస్తావమ్మా?" అని సర్జన్ అడగకపోతే, వెంట వెళ్లిన కార్యకర్త చెప్పాలి.

ఏదీ వద్దనుకోవడమూ పూర్తి నిర్ణయమే. బ్రాలో పెట్టుకునే సిలికాన్ దిండ్లు, తేలికైన బట్టవి ఉన్నాయి. చదునుగా ఉండిపోతాననే ఆమెను బతిమాలాల్సిన పని లేదు. ఆపరేషన్ సమయంలోనే నిర్ణయం తీసుకోవాలనీ లేదు, చికిత్స ముగిశాక కూడా చాలామందికి వీలవుతుంది.

ఖర్చు సంగతి ఆపరేషన్‌కు ముందే రాతలో అడగండి. ఆరోగ్యశ్రీలో, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవలో, ఆ ఆసుపత్రిలో పునర్నిర్మాణం వర్తిస్తుందా? ఇంప్లాంట్ ధర అందులో ఉందా? తర్వాతి స్కానింగ్, మార్పిడి ఎవరు భరిస్తారు? ఆరోగ్యమిత్ర దగ్గర జవాబు దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి దానికి ఫీజు లేదు.