కేసు షీటులో ఎవరి మాట? - డాక్టర్ సుధాకర్ ఉదంతం, నర్సుల బాధ్యత

ఎదురు మాట్లాడిన దళితుడికి మన సమాజం రెండు పేర్లు సిద్ధంగా ఉంచుతుంది. ఒకటి తాగుబోతు, రెండోది పిచ్చోడు. వీధిలో అన్నంతకాలం అవి తిట్లే. ఆసుపత్రి కాగితం మీదికి ఎక్కితే మాత్రం ఆ మనిషి చెప్పే ప్రతి మాటనీ రద్దు చేసే అధికార ముద్రలవుతాయి. డాక్టర్ సుధాకర్ రావు ఉదంతాన్ని మేము ఈ వైపు నుంచి చూస్తున్నాము.

ఆయన దళితుడు. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరు. అప్పట్లో విశాఖ జిల్లాలో ఉన్న నర్సీపట్నం 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదటి రోజుల్లో, డాక్టర్లకి ఎన్-95 మాస్కులు కూడా ఇవ్వడం లేదని ఆయన బహిరంగంగా అడిగారు. సస్పెండు చేశారు. మే 16న విశాఖపట్నం హైవే మీద పోలీసులు ఆయన్ని, ఒంటిమీద చొక్కా లేని స్థితిలో, చేతులు వెనక్కి కట్టేశారు. తాగి గొడవ చేశాడన్నారు. కింగ్ జార్జి ఆసుపత్రికి, అక్కడి నుంచి ప్రభుత్వ మానసిక వైద్యశాలకి తరలించారు. విషయం హైకోర్టుకి చేరింది. ప్రభుత్వం ఇచ్చిన నివేదికలో ఒక్క గాయమే ఉంది. కోర్టు ఆదేశంతో వెళ్లిన న్యాయాధికారి నివేదికలో ఆరు గాయాలున్నాయి. మే 22న హైకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. జూన్ మొదటి వారంలో ఆయన బయటికి రావడానికి కూడా కోర్టే జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. 2021 మే 21న గుండెపోటుతో చనిపోయారు.

ఆయనకి జబ్బు ఉందా లేదా అని మేము తేల్చబోవడం లేదు. ఉన్నా సరే, ఒంటి మీద దెబ్బలు దెబ్బలే కదా. ఒకటికీ ఆరుకీ మధ్య ఉన్న తేడానే మా ప్రశ్న.

మానసిక రోగి వార్డులోకి రాగానే నర్సు చేసే పరిశీలనని అసెస్‌మెంటు అంటారు. మనిషి వాలకం, ప్రవర్తన, మాటతీరు, మనఃస్థితి, ఆలోచన, జ్ఞాపకం, తన జబ్బు గురించి తనకున్న ఎరుక, ఇవన్నీ చూసి రాస్తారు. నిద్ర, తిండి, పాత జబ్బులు, వాడుతున్న మందులు, ప్రాణాపాయం ఉందా అన్నవి కూడా అడుగుతారు. ఒంటిని తల నుంచి కాలి దాకా చూడటం కూడా ఇందులో భాగమే. డాక్టరు రౌండుకి వచ్చి వెళతాడు, పగలూ రాత్రీ పక్కన ఉండేది నర్సే. కాబట్టి ఆమె రాసిందే రోగికి మొదటి సాక్ష్యం.

చిక్కు ఇక్కడే ఉంది. "నాకు జబ్బు లేదు" అని రోగి అంటే, జబ్బు ఎరుక లేదని రాసేయవచ్చు. "కులం చూసి నన్ను వేధిస్తున్నారు" అంటే భ్రమ అని రాసేయవచ్చు. 1851లో అమెరికాలో కార్ట్‌రైట్ అనే డాక్టరు, బానిసలు పారిపోవడాన్నే ఒక మానసిక జబ్బుగా ప్రకటించాడు. అలాంటి చరిత్ర ఉంది కనుకనే నర్సు తన అభిప్రాయం రాసేముందు రోగి అన్న మాటని అన్నట్టుగానే కొటేషన్లలో రాయాలి. విచారించకుండా భ్రమ అనకూడదు. గాయాలు ఎన్ని, ఎక్కడ, ఏ రంగు, చూసిన టైము ఎంత, అన్నీ రాయాలి.

ఇది దయ కాదు, చట్టం. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, మూడో సెక్షను ప్రకారం సామాజిక, రాజకీయ హోదాని బట్టి గానీ, ఉద్యోగంలో, సమాజంలో చెలామణీ అయ్యే విలువలకి లొంగలేదని గానీ ఎవరికీ మానసిక జబ్బు ఉందని తేల్చకూడదు. 21వ సెక్షను వైద్యంలో కుల వివక్షని నిషేధిస్తుంది. 97వ సెక్షను ప్రకారం ఆసుపత్రిలో రోగిని కట్టేయడం తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే. శిక్షగా కట్టకూడదు, సిబ్బంది చాలడం లేదనీ కట్టకూడదు. కారణం, ఎంతసేపు అన్నది రికార్డులో ఉండాలి. పోలీసులు ఎవరినైనా సంరక్షణలోకి తీసుకుంటే కారణం చెప్పాలి, 24 గంటలలోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు అని 100వ సెక్షను అంటుంది. రోగి వివరాలు అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదు. సుధాకర్ గారి జబ్బు పేరు మాత్రం ఆ రోజుల్లోనే పత్రికలకెక్కింది.

కార్యకర్తలు ధర్నాతో ఆగిపోకూడదు. రోగి తన తరఫున మాట్లాడే మనిషిని తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి నియమించుకోవచ్చు. వైద్య రికార్డులు అడగవచ్చు. ఉచిత న్యాయసహాయం కోరవచ్చు. ఇష్టం లేకుండా ఉంచితే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకి అర్జీ పెట్టవచ్చు. నర్సింగు కాలేజీల టీచర్లు ఈ సెక్షన్లని కులం పేరెత్తే చెప్పాలి. నర్సుల్లో మన బిడ్డలు చాలామందే ఉన్నారు. పైనుంచి ఒత్తిడి వచ్చినా ఆరు గాయాల్ని ఆరుగానే రాసే నర్సుకి సంఘాలు అండగా నిలబడాలి. ఆ అండ లేకుండా ఒంటరి ఉద్యోగిని ధైర్యంగా రాయమనడం న్యాయం కాదు.