టార్చి స్విచ్‌లో ఎర్ర చుక్క ఎందుకు? ఎలా?

రాత్రి కరెంటు పోతే టార్చి చేతికి దొరకాలిగా! అందుకే కొన్ని టార్చీల స్విచ్‌లో చిన్న ఎర్ర ఎల్‌ఈడీ పెడతారు. టార్చి ఆపినప్పుడు అది వెలుగుతుంది, వేస్తే ఆరిపోతుంది. ఎలా?

మూడు సెల్లుల, పాతరకం ఫిలమెంటు బల్బు టార్చిని తీసుకుందాం. ఎల్‌ఈడీని, ఒక రెసిస్టరును కలిపి స్విచ్ రెండు కొసల మధ్య అతికిస్తారు. స్విచ్ ఆపి ఉంటే కరెంటుకు అదొక్కటే దారి. బల్బు గుండా కూడా పోతుంది కానీ, ఆ కాస్త కరెంటుకు ఫిలమెంటు వేడెక్కదు. స్విచ్ వేశామా, కరెంటంతా స్విచ్ గుండా సులువైన దారినే పరుగెడుతుంది. ఎర్ర చుక్క ఆరిపోతుంది. ఎంత ముచ్చటైన ఏర్పాటో!

కానీ ఆ చుక్క రాత్రింబవళ్లు సెల్లును తాగుతూనే ఉంటుంది. సెల్లులవి 4.5 వోల్టులు. ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 పోగా మిగిలేది 2.5. రెసిస్టరు 1,000 ఓములదైతే, ఓమ్ సూత్రం ప్రకారం కరెంటు 2.5 మిల్లీ యాంపియర్లు. సెల్లుల సామర్థ్యం 1,000 మిల్లీ యాంపియర్-అవర్లయితే 400 గంటల్లో, అంటే 17 రోజుల్లోపే ఖాళీ!

ఆ రెసిస్టరు బదులు 10,000 ఓములది పెడితే కరెంటు పదో వంతుకు తగ్గుతుంది. సెల్లులు అయిదు నెలలు దాటి వస్తాయి. వెలుగు తగ్గినా చీకట్లో కనిపించడానికి చాలు.

రెండు రెసిస్టర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. గోధుమ, నలుపు గీతలు రెండింటికీ ఒకటే. మూడోది మాత్రం 1,000కి ఎరుపు, 10,000కి నారింజ. మార్చేముందు సెల్లులు తీసేయండి. సోల్డరింగ్ ఐరన్ చాలా వేడి, పెద్దవాళ్లు పక్కనుండాల్సిందే.