పావు సెకను దోపిడీ

2014 నవంబరు 16, ఫుజౌ నగరం, చైనా ఓపెన్ ఫైనల్. నెట్‌కు అవతల లిన్ డాన్: రెండు ఒలింపిక్ స్వర్ణాలు, ఐదు ప్రపంచ టైటిళ్లు, పైగా కేకలేసే సొంత జనం. ఇవతల గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్, వయసు 21. ఓపిగ్గా ర్యాలీలాడి లిన్ డాన్‌ను అలసిపోయేలా చేద్దామనుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు, చివరికి అలసిపోయింది వాళ్లే. శ్రీకాంత్ 21-19, 21-17తో గెలిచాడు. సూపర్ సిరీస్ ప్రీమియర్ టైటిల్ అందుకున్న తొలి భారతీయ పురుషుడయ్యాడు. కోచ్ పుల్లెల గోపీచంద్ పుట్టినరోజు కూడా ఆ రోజే.

ర్యాలీలో మనకంటే గట్టివాణ్ణి ఓడించడం ఎలా అన్న ప్రశ్న బ్యాడ్మింటన్‌లోనూ టెన్నిస్‌లోనూ ఒకటే. జవాబులో సగం భౌతికశాస్త్రం ఉంది.

షటిల్ బరువు అయిదు గ్రాములకు అటూఇటూ. పదహారు ఈకలు గాలిని ఎంతగా అడ్డుకుంటాయంటే, పైకి లేపిన షటిల్ కిందికి వచ్చేటప్పుడు దాని వేగం సెకనుకు ఏడు మీటర్లు కూడా దాటదు. అంటే ఒక మీటరు దిగడానికి సుమారు 0.15 సెకను. గాల్లోకి ఎగిరి ఆ మీటరు పైనే కొట్టేస్తే అంత సమయమూ అవతలివాడికి తగ్గిపోతుంది, స్మాష్ కూడా మరింత నిటారుగా దిగుతుంది. కంటికి కనిపించినదానికి ఒళ్లు కదలడానికే 0.2 సెకను పడుతుంది కాబట్టి ఇది చిన్న కోత కాదు. ఎగిరి కొట్టే స్మాష్‌కు శ్రీకాంత్ పెట్టింది పేరు. జూనియర్‌గా అతను డబుల్స్ ఆటగాడు, సింగిల్స్ వైపు మళ్లించింది గోపీచందే. షటిల్‌ను కిందికి దిగనివ్వని ఆ తొందర డబుల్స్‌లో అబ్బిందేమో అనిపిస్తుంది.

ఉమ్మడి ప్రకాశం జిల్లా నాగండ్లకు చెందిన గోపీచంద్ కూడా ఆటగాడిగా సమయాన్ని దోచుకున్నవాడే. 2001 ఆల్ ఇంగ్లండ్ సెమీఫైనల్లో డెన్మార్క్ దిగ్గజం పీటర్ గేడ్‌ను 17-14, 17-15తోనూ, ఫైనల్లో చెన్ హాంగ్‌ను 15-12, 15-6తోనూ ఓడించాడు. అప్పటికే మోకాలికి శస్త్రచికిత్సలు జరిగిన మనిషి. కోర్టంతా పరుగెత్తే పందెంలో కాకుండా నెట్ దగ్గరి నేర్పుతో, ఎటు కొడతాడో ఆఖరి క్షణం దాకా తెలియనివ్వని మణికట్టుతో ఆడాడు. ప్రత్యర్థి ఒక అడుగు తప్పు దిక్కుకు వేస్తే చాలు, అదీ దొంగిలించిన సమయమే.

ఈ ఎత్తు ప్రతిసారీ పారదు. 2016 రియో ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్లో లిన్ డాన్ 21-6, 11-21, 21-18తో శ్రీకాంత్‌ను ఇంటికి పంపాడు.

టెన్నిస్‌కు వస్తే కోర్టు పొడవు 23.77 మీటర్లు. బంతి సగటున గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం, అంటే సెకనుకు 25 మీటర్లు. బేస్‌లైన్‌కు రెండు మీటర్లు వెనక నిలబడే ఆటగాడు ఆ గీత దాటి ఒక మీటరు లోపలికి వచ్చి బంతిని ముందే అందుకుంటే రావడంలో మూడు, పోవడంలో మూడు, మొత్తం ఆరు మీటర్ల ప్రయాణం తగ్గుతుంది. పావు సెకను కలిసొచ్చినట్టే.

అంత చురుకైన కాళ్లు లేనివాళ్లకు ఇంకో దారి ఉంది, పూర్తిగా తలకిందులుది: సమయం ఇచ్చేసి వేగం లాక్కోవడం. కదలని రాకెట్‌కు తగిలిన బంతి వచ్చిన వేగంలో సుమారు 40 శాతంతో వెనక్కి వెళుతుంది. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి అవతలివాడికి 32 కిలోమీటర్ల అప్పు ఇస్తుంది, వడ్డీ కూడా లేదు. 40తో వస్తే దక్కేది 16. మిగతాది చెయ్యి విసిరి తనే తెచ్చుకోవాలి, అక్కడే గురి చెదురుతుంది.

1975 వింబుల్డన్ ఫైనల్లో ఆర్థర్ ఆష్ చేసింది ఇదే. ఎదుట డిఫెండింగ్ చాంపియన్ జిమ్మీ కానర్స్, అంతకుముందు ఆష్‌ను ఆడిన మూడుసార్లూ ఓడించినవాడు. ప్రత్యర్థి వేగాన్నే వాడుకుని ఇంకా గట్టిగా కొట్టడం కానర్స్ విద్య. ఆష్ సహజంగా బలంగా బాదే ఆటగాడు, అయినా ఆరోజు బంతిని నెమ్మదిగా, కానర్స్ ఫోర్‌హ్యాండ్‌కు తక్కువ ఎత్తులో కోసి పంపాడు. నెట్‌కు వస్తే నెత్తి మీదుగా లాబ్ వేశాడు. మొదటి రెండు సెట్లు 6-1, 6-1. మూడోది 5-7తో పోయినా పాత బాదుడుకు తిరిగి వెళ్లలేదు, నాలుగోది 6-4తో ముగించాడు. పథకం వేయడం కంటే ఆ మూడో సెట్ తర్వాత దాన్ని వదలకపోవడమే కష్టమైన పని.

మన ఊరి క్లబ్బుల్లో టెన్నిస్ ఆడేవాళ్లకు పనికొచ్చే లెక్క మరొకటుంది. నెట్ ఎత్తు స్తంభాల దగ్గర 107 సెంటీమీటర్లు, మధ్యలో 91.4. ఐమూలగా కొట్టిన బంతి నెట్ తక్కువ ఎత్తున్న చోట దాటుతుంది, పడటానికి దొరికే కోర్టు కూడా ఒక మీటరుకు పైగా ఎక్కువ. గట్టివాడితో ఇరుకున పడ్డప్పుడు గీతవెంట నేరుగా కొట్టాలన్న కోరిక పుడుతుంది, చాలా పాయింట్లు అక్కడే పోతాయి. ఐమూలగా వీలుకాకపోతే మధ్యలో లోతుగా వేసినా చాలు. కోర్టు నడుమ నిలబడ్డవాడికి పక్కలకు కోణాలు తెరవడం అంత తేలిక కాదు.