‘ఏది రాయాలి సార్?’

పరిశోధన అనగానే మనకు విశ్వవిద్యాలయమూ, పర్యవేక్షకుడూ, అట్టకట్టిన సిద్ధాంత గ్రంథమూ గుర్తుకొస్తాయి. పద్నాలుగేళ్ల పిల్లల చేత బడిలో చేయించే ‘ప్రాజెక్టు పని’ని ఎవరూ పరిశోధన కింద లెక్కగట్టరు. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక తెలుగు వాచకంలో పాఠాల చివర ఈ శీర్షిక చేరింది. 2014–15లో తెలంగాణ పదో తరగతిలో 20 మార్కులు అంతర్గత మూల్యాంకనానికి కేటాయించాక దానికి గిరాకీ పెరిగింది, పక్కనే జిరాక్సు దుకాణానికీ పెరిగింది. అంశం పేరు చెబితే బొమ్మలతో సహా నాలుగు పేజీలు చేతిలో పెడతారు. ఇప్పుడు ఆ పని ఫోనే చేసిపెడుతోంది.

పాతబస్తీలో తెలుగు చెప్పుకొని బతికిన నేను ఆ నాలుగు పేజీలకు ఏళ్ల తరబడి మార్కులు వేశాను. రంగుల అట్ట, పొందికైన దస్తూరీ ఉంటే ఎక్కువ, లేకుంటే తక్కువ. అట్ట కొనగలిగిన ఇంటికీ కొనలేని ఇంటికీ ఉన్న తేడాకే మార్కులు వేస్తున్నానని ఆలస్యంగా తెలిసింది.

ఒక సంవత్సరం తొమ్మిదో తరగతికి 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదను ఇచ్చాను. ముగ్గురు పెద్దవాళ్లను అడగండి, రెండు పుస్తకాలు చూడండి, చింతచెట్టు దగ్గరికి వెళ్లి రండి అన్నాను.

మొదటి వారం పండగే. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఆ వరద పేరు ‘తుగ్యానీ’. పేరు తెలియని ఇల్లు లేదు. నయాపూల్ దాటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోకి పోయి, ఆనాడు సుమారు 150 మందిని కొమ్మల మీద నిలబెట్టి కాపాడిన చింతచెట్టును తడిమి వచ్చారు. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయనీ, పురానాపూల్ నిలిచిందనీ రాసుకున్నారు. వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయని తేదీలు పట్టుకొచ్చారు. పని అయిపోయిందనుకున్నారు.

మూడో వారంలో మొదలైంది అసలు చిక్కు. ఒకచోట చనిపోయినవారు 15 వేలు, ఇంకొకచోట 50 వేలు. ఇంట్లో పెద్దవాళ్ల మాట రెంటికీ పొసగదు. కొందరు విసిగి వదిలేశారు. ఒక కుర్రవాడు మళ్లీ దుకాణం పేజీలే తెచ్చాడు. సాయంత్రాలు లాడ్‌బజార్ గాజుల పనికి పోయే అమ్మాయి వచ్చి, “ఇంతకీ ఎందరు సార్? ఏది రాయాలి?” అని అడిగింది. నాకూ తెలియదన్నాను. “తెలియనప్పుడు మాకెందుకిచ్చారు సార్?” అంది. కోపంగానే అంది.

ఈ కోపం గురించి ఆలోచించినవారు లేకపోలేదు. అమెరికాలో కరోల్ కుల్తావ్ 1980లలో ఉన్నత పాఠశాల విద్యార్థులు పరిశోధనా వ్యాసాలు రాసే తీరును అధ్యయనం చేశారు. సమాచారం పెరిగేకొద్దీ అనుమానం తగ్గుతుందని మనం అనుకుంటాం. ఆమె గమనించింది ఇంకోటి: అంశం ఎంచుకున్నప్పుడు పుట్టిన ఉత్సాహం, వెతకడం మొదలుపెట్టాక అయోమయంగా మారుతుంది. చదివినవి ఒకదానితో ఒకటి పొసగవు. తనదైన ఒక దృష్టికోణం ఏర్పడ్డాకే విద్యార్థి తేరుకుంటాడు. ఈలోగా ఆ అయోమయాన్ని తన తెలివితక్కువతనం అనుకుంటాడు.

మాట నిజమే గాని, పాతబస్తీలో ఆ అయోమయానికి ఇంకొక అంతస్తు ఉంది. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైన అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం మా పిల్లలకు నడక దూరమే. కాని పనికి పోయే పిల్లకు గ్రంథాలయం వేళలు కుదరవు. ఆ వరద గురించి ఉర్దూలో ఉన్నది చదవాలంటే, ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు రాసే ఆ పిల్లకు ఉర్దూ లిపి రాదు. తన అవ్వ మాట్లాడే భాష తనకు అచ్చులో అందదు. దీన్ని మనస్తత్వ సమస్యగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు.

ఆ అమ్మాయికి దారి చూపింది పొరుగింటి ముసలాయన. వరదలో తల్లినీ, భార్యనూ, కూతుర్నీ పోగొట్టుకొని ఒంటరిగా మిగిలిన రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ సంగతి ఆయన చెప్పాడట. ఒక ఇంట్లో ముగ్గురు. ఆ పిల్ల ప్రశ్న అక్కడ మారిపోయింది: ఎందరు అన్నది పోయి, లెక్కపెట్టినవారెవరు, అద్దె కొంపల్లో ఉన్నవాళ్లు ఏ లెక్కలోకి వచ్చారు అన్నది వచ్చింది.

ఇది చదువుతున్న రచయిత మిత్రులకు ఒక మాట. మన దగ్గరకు వచ్చే కొత్త కథల్లో చాలావాటికి మొదటి వారమే ఉంటుంది, మూడో వారం ఉండదు. వరద బాధితులను చూడటానికి పోయే యువ రచయిత, అక్కడ ఏం కనబడాలో ముందే తెలిసి పోతాడు. తన నమ్మకానికి పొసగని మాట ఎవరైనా అంటే దాన్ని పుస్తకంలో రాసుకోడు. అతన్ని తప్పుపట్టే ముందు మన సమీక్షలు చూసుకోవాలి. వస్తువునూ ముగింపునూ ఒకే పొట్లంలో కట్టి చేతికిచ్చే మనకూ, ఆ జిరాక్సు దుకాణానికీ తేడా ఎంత? నిబద్ధత ఉన్నవాడికే ఈ అయోమయం ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. నాతో విభేదించేవారున్నారని తెలుసు.

అమ్మాయి ఆరు పేజీలు ఇచ్చింది. అట్ట లేదు, బొమ్మలు లేవు. రెండు అంకెలూ పక్కపక్కన రాసి కింద తన ప్రశ్న రాసింది. గడువుకు మూడు రోజులు ఆలస్యం. ఆలస్యానికి మార్కు తగ్గించాలని పట్టికలో ఉంది. తగ్గించలేదు. మర్నాడే వచ్చి ఆ పేజీలు తిరిగి ఇమ్మంది. నానీకి చదివి వినిపించాలట, తెలుగులో రాసింది ఉర్దూలో చెప్పుకుంటూ.