కంపెనీల దావా, వాడుకదారుల పాట్లు



ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగాయని సామెత. పెద్ద కంపెనీలు కోర్టుకెక్కినప్పుడు వాటి సరుకు కొనుక్కున్నవాళ్ల పని ఒక్కోసారి అలాగే అవుతుంది. కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాములను సాఫ్ట్‌వేర్ అంటాం. వాటిని తయారుచేసే సంస్థల తగాదాలో వాడుకదారులు ఎలా చిక్కుకుంటారో, మనం పడవలసిన జాగ్రత్తలేమిటో ఈ ప్రసంగంలో తెలుసుకుందాం.

సాస్తిలో ఉన్న మనకు ఈ గొడవ ఎందుకని మీరు అనుకోవచ్చు. బొగ్గుగని ఆఫీసు లెక్కలు, రాజురాలో ఫోటో స్టూడియో పని, కిరాణా కొట్టు బిల్లులు, బడిలో మార్కుల పట్టికలు ఇవాళ కంప్యూటర్ మీదనే నడుస్తున్నాయి. చేతిలోని ఫోను కూడా ఒక చిన్న కంప్యూటరే.

సంతలో ఎద్దును కొంటే ఆ ఎద్దు మీదే. సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు మాత్రం సాధారణంగా మీకు దక్కేది వాడుకునే అనుమతి. దానినే లైసెన్సు అంటారు. ఒక విధంగా మీరు కౌలు రైతువంటివారు. చేను నాదంటే నాదని ఇద్దరు వచ్చి నిలబడితే కౌలు ఎవరికి కట్టాలి? సరిగ్గా ఇటువంటి చిక్కే 2003లో అమెరికాలో వచ్చింది.

యూనిక్స్ అనే సాఫ్ట్‌వేర్ 1969లో ఏటీ అండ్ టీ కంపెనీ వారి బెల్ ప్రయోగశాలల్లో పుట్టింది. తర్వాత దాని హక్కులు నోవెల్ అనే కంపెనీకి వెళ్లాయి. నోవెల్ 1995లో ఆ వ్యాపారాన్ని మరొకరికి అమ్మింది. అలా చేతులు మారి చివరికి ఎస్‌సీఓ గ్రూప్ అనే సంస్థ దగ్గరికి చేరింది. ఈలోగా 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టాడు. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఎన్నో సంస్థలు దానికి మారాయి.

2003 మార్చిలో ఎస్‌సీఓ సంస్థ ఐబీఎం మీద దావా వేసింది. మా యూనిక్స్‌లోని భాగాలను లినక్స్‌లో కలిపారన్నది అభియోగం. అంతటితో ఆగక, మే నెలలో సుమారు 1,500 పెద్ద కంపెనీలకు ఉత్తరాలు రాసింది. లినక్స్ వాడితే మీ మీద కూడా బాధ్యత పడవచ్చునని వాటి సారాంశం. ఆ ఏడాదే, ఒక్కో సర్వర్‌కు 699 డాలర్లు కట్టి మా లైసెన్సు తీసుకోండని ప్రకటించింది. అప్పటి లెక్కన అది 30,000 రూపాయల పైమాటే.

2004 మార్చిలో ఏకంగా వాడుకదారుల మీదనే దావాలు పడ్డాయి. ఒకటి కార్ల విడిభాగాలు అమ్మే ఆటోజోన్ మీద, రెండోది కార్లు తయారుచేసే డైమ్లర్‌క్రైస్లర్ మీద. మేము ఆ యూనిక్స్ వాడి ఏడేళ్లు దాటిందని డైమ్లర్‌క్రైస్లర్ జవాబు చెప్పుకుంది. జులైలో ఆ దావాలో చాలా భాగాన్ని కోర్టు కొట్టివేసింది. ఆటోజోన్ కేసు మాత్రం పెద్ద తగాదా తేలేదాకా ఏళ్లతరబడి ఆగిపోయింది. భయపడి, లేదా గొడవెందుకని, లైసెన్సు కొన్నవాళ్లూ ఉన్నారు.

చివరికి ఏం తేలింది? మన మహారాష్ట్రలో చేను కొనేముందు సాత్‌బారా ఉతారాలో ఎవరి పేరుందో చూస్తాం కదా! ఇక్కడ యూనిక్స్ సాత్‌బారాలో పేరు నోవెల్‌దే. 1995 అమ్మకంలో కాపీరైట్లు చేతులు మారలేదని 2010 మార్చిలో జ్యూరీ తీర్పు చెప్పింది. ఎస్‌సీఓ అప్పటికే, 2007లో, దివాలా రక్షణ కోరింది. ఐబీఎంతో మిగిలిన వ్యాజ్యం 2021లో రాజీతో ముగిసింది. అంటే 18 ఏళ్లు! తనది కాని హక్కు చూపి డబ్బు అడిగినవాడికి తొందరపడి కట్టినవారే నష్టపోయారు.

ఇక మన దేశంలో జరిగిన సంగతి. 2014లో వన్‌ప్లస్ ఫోను సైనోజెన్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. భారతదేశంలో సైనోజెన్ హక్కులు తమకే ఇచ్చారని మైక్రోమ్యాక్స్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. డిసెంబరులో అమ్మకాలపై ఆంక్ష వచ్చింది. కొద్దిరోజులకే ద్విసభ్య ధర్మాసనం దానికి అడ్డుకట్ట వేసింది. మరుసటి ఏడాది వన్‌ప్లస్ సొంత సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంది. 2016 చివర సైనోజెన్ తన సేవలనే మూసివేసింది. డబ్బిచ్చి ఫోను కొన్నవాడు ఈ తగాదాలో ఏ పక్షమూ కాదు. అయినా రేపు నా ఫోనుకు మరమ్మతు సాఫ్ట్‌వేర్ ఎవరు పంపుతారన్న బెంగ అతనికే మిగిలింది.

మన చట్టం ఏమంటోంది? 1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇందులో "తెలిసి" అన్న మాటను గుర్తుపెట్టుకోండి. నమ్మి, బిల్లు తీసుకుని కొన్నవాడికి ఆ మాట అండ. అదే చట్టం 52వ సెక్షన్‌లో, సక్రమంగా కొన్న ప్రోగ్రామును పాడవకుండా కాపాడుకోవడానికి నకలు తీసి దాచుకునే హక్కు కూడా ఇచ్చింది.

కాబట్టి మూడు పనులు చేయండి. మొదటిది, బిల్లు, లైసెన్సు కాగితం భద్రంగా ఉంచండి. "వేరెవరైనా దావా వేస్తే ఖర్చు మేమే భరిస్తాం" అన్న హామీ అందులో ఉందేమో అమ్మేవాణ్ణి అడగండి. ఎస్‌సీఓ గొడవలో హెచ్‌పీ కంపెనీ తన లినక్స్ ఖాతాదారులకు 2003లోనే అటువంటి హామీ ఇచ్చింది. రెండోది, మీ లెక్కలు, ఫోటోలు, మార్కుల పట్టికలు వేరే ప్రోగ్రాములో కూడా తెరుచుకునే రూపంలో ఒక నకలు దాచండి. కంపెనీ మూతపడినా మీ పని ఆగదు. మూడోది, డబ్బు కట్టమని ఉత్తరం వస్తే బెదిరి వెంటనే కట్టకండి. అలాగని పక్కన పడేయకండి. హక్కు నీదే అనడానికి ఆధారమేమిటని రాతపూర్వకంగా అడగండి, వకీలుకు చూపించండి.

అమ్మినవాడు చేతులెత్తేస్తే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. చంద్రపూర్‌లోని జిల్లా గ్రాహక ఆయోగాన్నీ ఆశ్రయించవచ్చు. వ్యాపారం కోసం కొన్న వస్తువులకు ఆ చట్టం సాధారణంగా వర్తించదు. కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకునే చిన్న స్టూడియోవాడు, జిరాక్సు దుకాణంవాడు వినియోగదారులే.

పెద్దవాళ్ల తగాదాను మనం ఆపలేం. కాగితం మన పెట్టెలో, లెక్కల నకలు మన చేతిలో ఉంటే, ఆ తగాదా తేలేదాకా మన దుకాణం మూయవలసిన పని ఉండదు. సెలవు.